టెడెక్స్ వేదిక మీద తెలుగు మాట్లాడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది తెనాలి. మైక్‌సెట్, లైటింగ్ మా వృత్తి. నాన్నగారి రోజుల్లో గొట్టాలు, ఆహుజా ఆంప్లిఫయర్ రిక్షాలో వేసుకుని హరికథలకూ బుర్రకథలకూ ఎన్నికల మీటింగులకూ తిరిగేవాళ్లు. ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు, కార్డ్‌లెస్ మైకులు వచ్చాయి. పని మాత్రం అదే. మాట్లాడేవాళ్ల గొంతు చివరి వరసలో కూర్చున్న మనిషికి కూడా స్పష్టంగా అందాలి. కొన్నేళ్లుగా గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కాలేజీల్లో జరిగే టెడెక్స్ అనే ప్రసంగాల సభలకు కూడా సౌండ్ ఇస్తున్నాం. సభ జరిగిన మర్నాడు పేపర్లలో ఫొటోతో వార్త వస్తుంది. ముఖ్య అతిథులు ఎవరు, ఎంతమంది విద్యార్థులు వచ్చారు అన్నీ రాస్తారు. ఆ వార్తల్లో కనిపించని ఒక విషయం పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఊళ్లో, మన పిల్లలు నడిపే సభలో, మన ఊరివాళ్లు మాట్లాడేటప్పుడు తెలుగు వినపడటం లేదు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలని రూలేదో ఉందనే అందరూ అనుకుంటున్నారు. అలాంటి రూలు లేదు.

ఈ సభల గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. టెడ్ అనే సదస్సు 1984లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాంటెరేలో మొదలైంది. 1990 నుంచి ఏటా జరుగుతోంది. టికెట్టు వేల డాలర్లు కాబట్టి చాలాకాలం అది డబ్బున్నవాళ్లకే పరిమితంగా ఉండేది. 2006లో ఆ ప్రసంగాల వీడియోలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టారు. 2009లో ఇంకో అడుగు వేశారు. మా పద్ధతిలో మీ ఊళ్లో మీరే సభ పెట్టుకోండి, లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు అన్నారు. అదే టెడెక్స్. పేరు చివర ఆ 'ఎక్స్' ఉందంటే అది అమెరికా సంస్థ నడిపే సభ కాదు, ఆ ఊరివాళ్లు సొంతంగా నడుపుకునేది అని గుర్తు.

మొదటి టెడెక్స్ 2009 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక యూనివర్సిటీలో జరిగింది. అదే సంవత్సరం నైరోబీలో, రేకుల ఇళ్ల కిబెరా మురికివాడలోనూ జరిగింది. 2012లో సోమాలియా రాజధాని మొగదిషులో జరిగింది. ఇరవై ఏళ్లకు పైగా యుద్ధం చూసిన ఊరది. మన దేశానికొస్తే 2009 నవంబరులో టెడ్ సంస్థే మైసూరు ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో పెద్ద సదస్సు పెట్టింది. ఆడపిల్లల అక్రమ రవాణా మీద పోరాడే హైదరాబాద్ 'ప్రజ్వల' సంస్థ సునీతా కృష్ణన్ గారు అక్కడ మాట్లాడిన మాటలు దేశదేశాల వాళ్లు విన్నారు. ఆ తర్వాత మన హైదరాబాద్‌లోనూ, ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ ఈ సభలు మొదలయ్యాయి.

ఈ పిల్లలు పడే శ్రమ నాకు బాగా తెలుసు. సభకు ముందురోజు మేం సామాను దించే సమయానికి స్టేజీ మీద ఎర్ర తివాచీని గుండ్రంగా కత్తిరిస్తుంటారు. థర్మోకోల్‌తో చేసిన పెద్ద పెద్ద అక్షరాలకు రంగు వేస్తుంటారు. రాత్రి పన్నెండింటికి కూడా భోజనం చేయకుండా వైర్లు లాగడానికి మాకు సాయం వస్తారు. దీన్లో వాళ్లకు ఒక్క రూపాయి మిగలదు. లాభం తీసుకోకూడదని నిబంధన. మాట్లాడేవాళ్లకు డబ్బు ఇవ్వరు. ఎవరైనా సరే పద్దెనిమిది నిమిషాలు దాటకూడదు. స్పాన్సర్లు స్టేజీ ఎక్కి తమ సరుకు గురించి చెప్పుకోకూడదు. పార్టీ ప్రచారం, మత ప్రచారం కుదరదు. ఎన్నికల సభలకు మైకు పెట్టిన చేతులు మావి. ఇంత క్రమశిక్షణగా నడిచే సభను చూస్తే మా కుర్రాళ్లకు ముచ్చటేస్తుంది. పూలదండలు, శాలువాలు, అతిథి పరిచయాలతో గంట గడిచిపోయే గొడవ ఇక్కడ లేదు. సరిగ్గా టైముకి లైటు పడుతుంది, మనిషి వస్తాడు, మాట మొదలవుతుంది. మన సభలన్నీ ఇలా జరిగితే ఎంత బాగుండును అనిపిస్తుంది.

ఇంత మంచి వేదిక మీద జరిగిన ఒక సంఘటన చెబుతాను. కాలేజీ పేరు రాయను, అది ఆ ఒక్క కాలేజీకి సంబంధించిన విషయం కాదు.

ఆ రోజు మాట్లాడేవాళ్లలో ఒకామె వ్యవసాయ మోటార్లకు వైండింగ్ చేస్తుంది. భర్త పోయాక ఆయన షాపు తనే నడుపుతోంది. చుట్టుపక్కల పల్లెల నుంచి కాలిన మోటార్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయట. ఇలాంటి మనిషిని వెతికి పట్టుకున్నందుకు ఆ పిల్లల్ని మెచ్చుకోవాలి. పొద్దున్నే మైక్ టెస్టింగ్‌కి వచ్చింది. హెడ్‌సెట్ మైకు చెవికి తగిలించి, మిక్సర్ దగ్గరికి వచ్చి, "ఏదో ఒకటి మాట్లాడమ్మా, లెవెల్ చూసుకుంటాను" అన్నాను.

"ఏం మాట్లాడనన్నా?"

"నీ పని గురించే చెప్పు. మోటారు ఎందుకు కాలిందో నీకెట్లా తెలుస్తది?"

ఇక ఆపలేదు. "విప్పగానే తెలిసిపోద్దన్నా. మూడు ఫేజుల కాయిళ్లూ ఒకే తీరుగా నల్లగా మాడినయ్యనుకో, లోడెక్కువైందని. పంపులో ఇసకన్నా పడుంటది, బేరింగన్నా పట్టేసుంటది. అట్టా కాకుండా రెండు మాడి ఒకటి కొత్తదాని మాదిరి నిగనిగలాడతా ఉందనుకో, అది లైన్లో తప్పు. ఒక ఫేజు పోయింది, మోటారు మిగిలిన రెండిటి మీదే ముక్కుకుంటా తిరిగింది. ఆ రైతు మళ్లీ మళ్లీ నా దగ్గరికే వస్తాడు. నేను చుట్టినప్పుడల్లా డబ్బులు పోస్తాడు. అందుకని ముందే చెప్తా, నాకిచ్చే డబ్బులతో స్టార్టరు బాగుచేయించుకో, ఫ్యూజులో తీగముక్క తీసెయ్యి, కరెంటు రాగానే దానంతటది ఆన్ అయ్యేట్టు పెట్టమాక అని. అట్టా చెప్తే నా గిరాకీ తగ్గద్దిగా అంటారు. తగ్గితే తగ్గద్ది. అప్పు చేసి మోటారు తెచ్చుకున్నోడు మూడుసార్లు కాల్చుకుంటే ఇంకేం మిగులుద్ది?"

హాల్లో కుర్చీలు సర్దుతున్న పిల్లలు సర్దడం ఆపి నిలబడ్డారు. మా హెల్పర్ కుర్రాడు చేతిలో కేబుల్ చుట్ట పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వాళ్ల నాన్నకు పొన్నూరు దగ్గర రెండెకరాలుంది. ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి ఫ్యూజు సంగతి అడిగాడు. నాకు మిక్సర్ మీద ఆమె గొంతు లెవెల్ ఒక్కసారి పెడితే మళ్లీ ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. పచ్చ దీపాలు మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తులో ఆడుతున్నాయి. మాట కడుపులోంచి వస్తోందని మాకు అలాగే తెలుస్తుంది.

మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. పట్టుచీర కట్టించారు. ఎర్ర తివాచీ మధ్యలో నిలబడి ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. ఎవరో ట్రైనర్ రాసిచ్చినది బట్టీ పట్టించారు. కష్టాలు ఎదురైతే భయపడవద్దు, కలలు కనండి, మీ మీద మీరు నమ్మకం ఉంచండి, నేను ఆడదాన్నై ఉండి కూడా సాధించాను అని ఆ ప్రసంగం. ప్రతి వాక్యం చివర గొంతు పడిపోతోంది. నేను మిక్సర్ మీద గొంతు పెంచే మీట, ఫేడర్, పైకి లేపుతున్నాను, వాక్యం మొదట్లో గట్టిగా వస్తే మళ్లీ దించుతున్నాను. రెండుచోట్ల మర్చిపోయి ఆగింది. ముందు వరసలో కూర్చున్న ట్రైనర్ పెదవులు కదిపి అందించాడు. కిందనున్న గడియారం ఎర్రంకెలు చూసి ఆమె ఇంకా టెన్షన్ పడింది. పిల్లలు మంచివాళ్లు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె కూడా గండం గడిచిందని ఊపిరి పీల్చుకుంది.

కాయిళ్ల మాట రాలేదు. ఫ్యూజు మాట రాలేదు. తన గిరాకీ పోయినా సరే రైతుకు నిజం చెప్పే ఆ మనసు ఎలాంటిదో ఎవరికీ తెలియలేదు. పొద్దున ఖాళీ హాలు విన్న మాటలు మధ్యాహ్నం నిండు హాలు వినలేకపోయింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కార్యక్రమం అయ్యాక నిర్వాహకుల్లో ఒక పిల్లాణ్ని అడిగాను, ఆమెను తెలుగులో మాట్లాడనివ్వాల్సింది కదా బాబూ అని. "ఇంటర్నేషనల్ ప్లాట్‌ఫామ్ కదా అంకుల్, ఇంగ్లిష్ కంపల్సరీ" అన్నాడు. ఆ అబ్బాయి అబద్ధమాడలేదు, పై క్లాసు వాళ్లు చెప్పింది వాడు నాకు చెప్పాడు. ఇంటికి వెళ్లి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని టెడ్ వాళ్లు నిర్వాహకుల కోసం పెట్టిన నిబంధనలు చదివించుకున్నాను. ఎంతసేపు మాట్లాడాలి, ఎవరి దగ్గర స్పాన్సర్ తీసుకోకూడదు, సభ పేరు ఎలా పెట్టుకోవాలి, టెడ్ పెద్ద సదస్సుకు వెళ్లిరాని నిర్వాహకుడైతే వందమందిని మించి పిలవకూడదు అని అన్నీ వివరంగా ఉన్నాయి. భాష సంగతికి వచ్చేసరికి, మీకు నచ్చిన ఏ భాషలోనైనా సభ జరుపుకోవచ్చు అనే ఉంది.

ప్రపంచమంతా అలాగే జరుపుకుంటోంది. టోక్యోలో 2009లోనే టెడెక్స్ పెట్టి జపనీస్, ఇంగ్లిష్ రెండూ నడిపారు. పారిస్‌లో ఫ్రెంచి. సావో పాలోలో పోర్చుగీసు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగిన రియో దె లా ప్లాతా టెడెక్స్‌కు వేలమంది జనం వచ్చారు, అక్కడ నడిచింది స్పానిష్. వాళ్లలో ఎవరూ తమ భాషలో మాట్లాడితే ఇంటర్నేషనల్ కాకుండా పోతామని అనుకోలేదు. అంతెందుకు, 2017 డిసెంబరులో టెడ్ సంస్థే స్టార్ ప్లస్ ఛానల్లో షారుఖ్ ఖాన్ వ్యాఖ్యాతగా హిందీలో ఒక కార్యక్రమం నడిపింది. శాస్త్రవేత్తలు, సామాజిక కార్యకర్తలు అందరూ హిందీలో మాట్లాడారు. హిందీకి తగిన వేదిక తెలుగుకు తగదా?

హ్యూస్టన్‌లో బ్రెనే బ్రౌన్ అనే ప్రొఫెసర్ 2010లో తమ ఊరి టెడెక్స్‌లో మాట్లాడింది. ఆ హాల్లో ఉన్నవాళ్లు కొద్దిమందే. తర్వాత ఆ వీడియోను కోట్లమంది చూశారు. మన పిల్లలు తరచూ ఆ ప్రసంగాన్ని ఉదాహరణగా చెబుతుంటారు. నేనూ ఒప్పుకుంటాను, గొప్ప ప్రసంగం. ఆవిడ తను ఉంటున్న ఊళ్లో, ఏళ్ల తరబడి తను పరిశోధించిన విషయాన్ని, తన తల్లి భాషలో చెప్పింది. మా మోటారు వైండింగ్ ఆమెకు ఊరూ ఉంది, విషయమూ ఉంది. మూడోదాన్ని మనం తీసేసుకున్నాం.

తెలుగులో మాట్లాడితే బయటివాళ్లకు ఎలా అర్థమవుతుంది అని అడుగుతారు. సబ్‌టైటిళ్లు ఎందుకున్నాయి? టెడ్ వాళ్లు 2009లోనే వాలంటీర్లతో అనువాదాల పని మొదలుపెట్టారు. వేరే భాషల ప్రసంగాలకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసిన తెలుగువాళ్లు ఉన్నారు. తెలుగు ప్రసంగానికి ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అలాగే రాసుకోవచ్చు. కాలేజీలో తెలుగు మేడమూ ఇంగ్లిష్ మేడమూ నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే పదిహేను నిమిషాల ప్రసంగం రెండు మూడు రోజుల పని. తప్పుల తడకగా ఉన్న ఇంగ్లిష్‌ను జర్మనీలోనో జపాన్‌లోనో కూర్చున్న మనిషి తంటాలు పడి వినడం కంటే, ధారాళమైన తెలుగు వింటూ కింద శుభ్రమైన ఇంగ్లిష్ చదువుకోవడం ఆయనకూ సుఖమే కదా. మనం కొరియా సీరియళ్లు అలాగే చూస్తున్నాం.

బయటివాళ్ల సంగతి సరే, హాల్లో ఉన్నవాళ్ల సంగతి ఎవరైనా ఆలోచిస్తున్నారా? మాకు మిక్సర్ ఎప్పుడూ హాలు వెనకభాగంలో ఉంటుంది. చివరి వరసల్లో కూర్చునేది ఎవరో నాకు తెలుసు. మాట్లాడేవాళ్ల అమ్మానాన్నలు, అత్తమామలు. మనవాడు స్టేజీ ఎక్కుతున్నాడని పొద్దున్నే బస్సెక్కి వస్తారు. పిల్లాడు కనిపించగానే ముఖాలు వెలిగిపోతాయి, రెండో నిమిషానికి ఫోనుతో వీడియో తీయడంలో పడిపోతారు. వినడానికి వాళ్లకేం లేదు కాబట్టి. తన గురించి కొడుకు ఏం చెప్పాడో తెలియక పక్కనున్న అమ్మాయిని అడిగి తెలుసుకున్న తల్లిని చూశాను. "మీ కష్టం గురించే చెప్పాడు ఆంటీ" అని ఆ పిల్ల చెబితే అప్పుడు కళ్లు తుడుచుకుంది. కొడుకు తన నోటితో, తల్లికి అర్థమయ్యే మాటతో అది చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

నేను ఇంగ్లిష్‌కు వ్యతిరేకిని కాదు. మా అమ్మాయిని ఇంగ్లిష్ మీడియంలోనే చదివించాను. ఇంగ్లిష్‌లో ఆలోచించి ఇంగ్లిష్‌లో హాయిగా మాట్లాడేవాళ్లు మాట్లాడాలి, వాళ్లవి నేను ఇష్టంగా వింటాను. గుండె డాక్టరు ఒకాయన ఇంగ్లిష్‌లో చెప్పినా నాలాంటివాడికి కూడా తెలిసేట్టు చెప్పాడు. ఎవరికి ఏ భాషలో నోరు తిరుగుతుందో ఆ భాషలో చెప్పనివ్వాలన్నదే నేనడిగేది.

తెలుగులో కొత్త విషయాలు, సాంకేతిక విషయాలు చెప్పలేమని కొందరి నమ్మకం. దానికి చింతకింది మల్లేశం గారిని చూపిస్తాను. యాదాద్రి జిల్లా ఆలేరు దగ్గరి నేతకుటుంబం, హైస్కూలు చదువు కూడా పూర్తి కాలేదు. పోచంపల్లి చీరకు ముందు ఆసు పోయాలి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. ఆ పనికి వాళ్లమ్మకు భుజాలు పడిపోతుంటే చూడలేక, ఏళ్లు తంటాలుపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రంలో ప్రతి భాగం ఆయన మనసులో పుట్టింది తెలుగులోనే. పడుగు, పేక, ఆసు, కండె, ఇవన్నీ సాంకేతిక పదాలు కావా? మోటారు వైండింగ్ ఆమె మాటల్లో కాయిల్, ఫేజు, స్టార్టరు ఉన్నాయి, మాడటం, పట్టేయడం, ముక్కుతూ తిరగడం కూడా ఉన్నాయి. అన్నీ కలిస్తేనే ఆమె శాస్త్రం. మెకానిక్కులు, నర్సులు, ఆక్వా రైతులు, లారీ డ్రైవర్లు మాట్లాడే తెలుగు ఇదే. ఇంగ్లిష్ మాటలు దొర్లితే దొర్లనివ్వండి, ఆలోచన మాత్రం వాళ్లదై ఉండాలి.

మా నాన్నగారు బుర్రకథ నాజర్ గారి ప్రోగ్రాములకు మైకు పెట్టిన సంగతి ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటాం. పొన్నెకల్లు నుంచి వచ్చిన మనిషి. రాత్రంతా వేలమందిని కదలకుండా కూర్చోబెట్టేవాడట. పద్మశ్రీ వెతుక్కుంటూ వచ్చింది. హరికథ చెప్పేవాళ్లు కథ మధ్యలో పిట్టకథ చెప్పి, నవ్వించి, మళ్లీ సరిగ్గా వదిలిన చోటికే వచ్చేవాళ్లు. ఒక మనిషి నిలబడి మాట్లాడి జనాన్ని కట్టిపడేయడం ఈ నేలకు కొత్త విద్య కాదు. టెడెక్స్ మనకు టైము పాటించడం నేర్పింది, ఒకే విషయం మీద నిలవడం నేర్పింది. మాట్లాడటం మాత్రం మన ఇళ్లలోనే ఉంది.

ఇంకో విషయం చెప్పక తప్పదు. ఇంగ్లిష్ తప్పనిసరి అన్న ఈ అపోహ మీద కొందరు వ్యాపారం చేసుకుంటున్నారు. మా బంధువుల అబ్బాయి తేనెటీగల పెంపకం చేస్తాడు. వాడికి ఒకాయన ఫోన్ చేసి టెడెక్స్‌లో మాట్లాడే అవకాశం ఇప్పిస్తాను, స్క్రిప్టు రాసిస్తాను, ఇంగ్లిష్ ట్రైనింగ్ ఇస్తాను, అన్నిటికీ కలిపి ఇంత అని ఒక పెద్ద మొత్తం చెప్పాడు. వాడు నన్నడిగితే వద్దన్నాను. టెడెక్స్‌లో మాట్లాడేవాళ్ల దగ్గర అవకాశం కోసం డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. అవకాశం కోసం ఎవరు డబ్బడిగినా ఇవ్వకండి, నిర్వాహక విద్యార్థులకు నేరుగా చెప్పండి, వాళ్లకు తెలియకుండానే ఇలాంటివి జరుగుతుంటాయి. తన భాషలో మాట్లాడే హక్కు ఉందని తెలిసిన మనిషికి ఈ ట్రైనర్ల అవసరమే సగం తగ్గిపోతుంది.

కాలేజీ పిల్లలకు, వాళ్ల వెనకున్న లెక్చరర్లకు నా మనవి. మాట్లాడటానికి పిలిచిన మనిషిని మొదటి రోజే అడగండి, అమ్మా, ఏ భాషలో చెబుతారు అని. స్క్రిప్టు రాసివ్వకండి. ఆ మనిషి పనిచేసే చోటికి వెళ్లి, పని చేస్తుండగా మాట్లాడించి ఫోనులో రికార్డు చేసుకోండి. అందులోనే ప్రసంగం ఉంటుంది. ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి, ఏది వదిలేయాలి అని మీరు కూర్చి పెట్టండి చాలు. అసలు విషయాన్ని 'టూ టెక్నికల్' అని తీసేయకండి. మోటారు ఎందుకు కాలుతుందో వినడానికి ఇంజనీరింగ్ పిల్లలకంటే తగినవాళ్లు ఎవరుంటారు? వ్యాఖ్యానం చేసే పిల్లలు రెండు భాషల్లోనూ పరిచయం చేయండి. సభలో పాత టెడ్ ప్రసంగం వీడియో ఏదైనా వేసేటప్పుడు తెలుగు సబ్‌టైటిల్ ఉన్నది చూసి వేయండి, వెనక వరసలవాళ్లు కూడా చూస్తారు. గడియారం స్టేజీ మీద కనపడేలా పెట్టండి, కానీ తొలిసారి మాట్లాడేవాళ్లకు రెండు మూడు రోజుల ముందే ఆ గడియారంతో అలవాటు చేయించండి.

పత్రికల వారికీ ఒక మాట. ఈ సభల వార్త రాసేటప్పుడు ఎవరెవరు వచ్చారన్నదానితోపాటు ఎవరు ఏం చెప్పారో నాలుగు వాక్యాలు రాయండి. మోటార్ల ఆమె చెప్పినలాంటి విషయాలు జిల్లా ఎడిషన్‌లో వస్తే రైతులు చదువుకుంటారు. తెలుగులో మాట్లాడినవాళ్ల వార్త రాయడం మీ విలేకరులకూ తేలికే.

పై ఏడాది సభ కోసం ఇప్పటి నుంచే ఆలోచిస్తున్న పిల్లలు ఉంటారు కాబట్టి ఈ మాట కూడా చేర్చుతున్నాను. గుంటూరు, కృష్ణా, బాపట్ల జిల్లాల్లో ఎక్కడైనా సరే, సగం ప్రసంగాలైనా తెలుగులో ఉండే టెడెక్స్‌కు మా సెట్టు అద్దె తీసుకోను. మనుషుల భోజనం, వ్యాను డీజిల్ చూసుకుంటే చాలు. మా పేరు బోర్డు ఎక్కడా పెట్టక్కర్లేదు. వైండింగ్ షాపు ఆమెతో కూడా మాట్లాడాను. తెలుగులో అయితే మళ్లీ వస్తానంది, ఈసారి కాలిన స్టేటర్, అంటే మోటారులో కాయిళ్లుండే భాగం, ఒకటి కూడా తీసుకొస్తానంది. దాన్ని కెమెరాకు దగ్గరగా చూపించడానికి బల్ల, లైటు నేను ఏర్పాటు చేస్తాను.

ఇట్లు,
సౌండ్ సిస్టమ్స్ నిర్వాహకుడు,
తెనాలి